108కు ఫోన్ చేసే ముందు, చేసిన తర్వాత

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం తిరుపతిలో జరుపుకున్న యువజన సమావేశంలో, ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా మీ కోసమే.

పొద్దున్నుంచీ మన పాటల గురించి, మన భాషల గురించి, మన పెద్దల గురించి మాట్లాడుకున్నాం. యానాది, ఎరుకల, సుగాలి, నక్కల... ఒక్కో తెగది ఒక్కో చరిత్ర. అయితే మన కాలనీల్లో, తండాల్లో ప్రతి ఇంటికీ నోటికి వచ్చిన నంబరు మాత్రం ఒకటే ఉంది. అది 108. ఇప్పుడు ఆ నంబరు గురించి కాసేపు మాట్లాడుకుందాం.

ముందుగా మేము చేసిన ఒక తప్పు మీ ముందు ఒప్పుకుంటాం.

మూడేళ్ల కిందట, కార్తీక మాసం, విడవని వాన. మా కాలనీలో ఒక అవ్వకు జ్వరం. ఒళ్లు కాలిపోతా ఉంది. ఆ జ్వరం ఆ రోజు వచ్చింది కాదు. మొదటి రోజు ఏఎన్ఎం వస్తుందేమోనని చూశాం. ఆమె వేరే ఊళ్లో పనిలో ఉంది. రెండో రోజు పీహెచ్‌సీకి పోదామంటే దారిలో వాగు పారుతోంది. మూడో రోజు వాగు తగ్గింది గానీ అందరూ పనులకు పోయి తిరిగి వచ్చేసరికి ఆఖరు బస్సు వెళ్లిపోయింది. ఆటో అడిగితే రాత్రి బాడుగ మూడు రోజుల కూలి చెప్పినాడు. అప్పుడు మాలో ఒకరం 108కు ఫోన్ చేశాం. జ్వరమంటే రారేమోనని భయపడి, "ఊపిరి ఆడటం లేదు" అని అబద్ధం చెప్పాం.

బండి వచ్చింది. అందులో వచ్చిన ఈఎంటీ అమ్మాయిది మా వయసే. అవ్వ వేలికి ఆక్సీమీటర్ పెట్టింది. బీపీ చూసింది. ఊపిరి లెక్కపెట్టింది. ఆక్సిజన్ 98 ఉంది. ఆమెకు సంగతి అర్థమైపోయింది. అయినా ఒక్క మాట అనలేదు. అవ్వను ఎక్కించుకుని బయలుదేరారు. బండి ఆసుపత్రి దారిలో ఉండగానే ఫోన్ వచ్చింది. పక్క ఊరి కాలనీలో ఒక పిల్లవాడికి పాము కరిచింది. దగ్గర్లో ఉన్నది ఆ ఒక్క బండే. ఇంకోటి పక్క మండలం నుంచి రావాలి. పిల్లవాడి మామ అంతసేపు ఆగలేక, వాణ్ని బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వానలోనే ఆసుపత్రికి తీసుకుపోయినాడు.

ఆ పిల్లవాడు బతికినాడు. వాడు బతికినాడు కాబట్టే ఈ కథ మీ ముందు చెప్పగలుగుతున్నాం. ఆ పిల్లవాడూ మనవాడే.

తర్వాత చాలా రోజులు మేము దీని గురించే మాట్లాడుకున్నాం. తప్పు ఎవరిది? అబద్ధం చెప్పడం మా తప్పు. అందులో సందేహం లేదు. మరి అవ్వకు వైద్యం అక్కర్లేదా? కావాలి. మొదటి రోజు అందాల్సిన వైద్యం మూడో రోజు రాత్రి దాకా అందలేదు. అందుకే 108 దాకా వచ్చింది. మొదటి రోజే ఒక మాత్ర, ఒక రక్త పరీక్ష అంది ఉంటే ఆ రాత్రి ఆ బండి పిల్లవాడి కోసం ఖాళీగా ఉండేది. ఈ రోజు మేము చెప్పదలచిన మాట ఇదే. ఊళ్లో అందాల్సిన వైద్యానికి డబ్బు కరువైతే, ఆ లోటు చివరికి అంబులెన్సు మీద పడుతుంది. అందులో పనిచేసే ఇద్దరి మీద పడుతుంది. ఆ తర్వాత నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడి మీద పడుతుంది.

బండి వెనక ఉన్న లెక్క

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అప్పటిదాకా మన ప్రాంతంలో అంబులెన్సు అంటే డబ్బున్నవాళ్ల బండి. మన పెద్దల్ని అడగండి. మంచం మీద మోసుకుపోయిన రోజులు, ఎద్దుల బండిలో కాన్పు అయిన రోజులు చెబుతారు. డబ్బు అడక్కుండా ఇంటి ముందుకు వచ్చే బండి మన జీవితాల్లో చాలా పెద్ద మార్పు. తర్వాత నిర్వహణ సంస్థలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. 2020 జులై 1న విజయవాడ నుంచి 108, 104 కలిపి 1,088 వాహనాలు ఒక్కసారే రోడ్డెక్కాయి. మండలానికి ఒక 108 ఉండాలన్నది అప్పుడు పెట్టుకున్న లక్ష్యం. పట్టణాల్లో 15 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో, ఏజెన్సీలో 30 నిమిషాల్లో చేరాలని కూడా అనుకున్నారు.

ఈ బండి నడిచే పద్ధతి మనకు తెలిసి ఉండాలి. ప్రభుత్వం నిర్వహణ సంస్థకు బండికి ఇంత అని నెలనెలా చెల్లిస్తుంది. డీజిలు, టైర్లు, రిపేర్లు, మందులు, ఆక్సిజన్, జీతాలు అన్నీ అందులోంచే. బిల్లు ఆలస్యమైతే దాని దెబ్బ కింది దాకా వస్తుంది. టైరు మార్చడం వాయిదా పడుతుంది. జీతం వాయిదా పడుతుంది. జీతాలు రాలేదని 108 సిబ్బంది ధర్నాలకు దిగడం మనం పేపర్లలో ఎన్నోసార్లు చూశాం. ఒక బండి షెడ్డుకు పోతే ఆ మండలం భారం పక్క మండలం బండి మీద పడుతుంది. పక్క బండి అంటే అందులో ఉన్న ఇద్దరు మనుషులు. ఒకరు పైలట్ అని పిలిచే డ్రైవరు, ఇంకొకరు ఈఎంటీ.

జాతీయ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం లక్ష మంది జనానికి ఒక మామూలు అంబులెన్సు, 5 లక్షల మందికి ఒక అడ్వాన్స్‌డ్ అంబులెన్సు ఉండాలి. అంటే లక్షమంది కలిసి వాడుకునే ఒక్క బండిని ఆ రాత్రి మేము ఒక జ్వరానికి పిలిచాం.

ముందు మెట్లు ఎక్కడ విరిగాయి

వైద్యం మెట్ల మాదిరి ఉంటుంది. మొదటి మెట్టు ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ఉపకేంద్రం. రెండో మెట్టు పీహెచ్‌సీ. తర్వాత సీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రి. పైన చిత్తూరు జిల్లా ఆసుపత్రి, తిరుపతి రుయా, ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలని లెక్క. గిరిజన ప్రాంతాల్లో 3,000కు ఒక ఉపకేంద్రం, 20,000కు ఒక పీహెచ్‌సీ.

ఇక్కడే మన జిల్లాల గిరిజనులకు ఒక చిక్కు ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఐదో షెడ్యూలు కింద ఉన్న ఏజెన్సీ ఊళ్లన్నీ ఉత్తరాంధ్రలో, గోదావరి వైపున ఉన్నాయి. మన కోసం నెల్లూరులో యానాదుల ఐటీడీఏ ఉంది గానీ, మనం మండలానికి నాలుగు కాలనీలుగా, ఊరి చివర పది ఇళ్లుగా చెదిరి ఉన్నాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎస్టీలు 4 శాతం కూడా లేరు. గిరిజన ప్రాంతం అని లెక్క వేసేటప్పుడు మన ఊరు మైదానం కిందికి పోతుంది. 2018లో ఏజెన్సీ కొండల కోసం బైక్ అంబులెన్సులు తెచ్చినప్పుడు అవి ఐటీడీఏ ఏజెన్సీ ఊళ్లకే పోయాయి. ఆ కొండల్లో డోలీ మోతలు ఉన్నాయి కాబట్టి అక్కడ అవసరమే. కానీ సత్యవేడు వైపు చెరువు కట్ట మీద ఉన్న కాలనీకి, తంబళ్లపల్లె వైపు గుట్ట వెనక ఉన్న తండాకు కూడా పెద్ద బండి పోలేని దారులు ఉన్నాయి. అవి ఏ పటంలోనూ ఏజెన్సీగా కనబడవు.

ఇక డబ్బు సంగతి. 2017 జాతీయ ఆరోగ్య విధానం మూడు మాటలు చెప్పింది. దేశం మొత్తం ఆదాయంలో ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చు 2025 నాటికి 2.5 శాతానికి చేరాలి. రాష్ట్రాలు తమ బడ్జెట్లో 8 శాతం కంటే ఎక్కువ ఆరోగ్యానికి పెట్టాలి. పెట్టే డబ్బులో మూడింట రెండు వంతుల దాకా ప్రాథమిక వైద్యానికే, అంటే మొదటి మెట్లకే పోవాలి. మూడో మాట మనకు అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు మనకు పెద్ద ఆపరేషన్లు చేయించాయి. గుండె, కిడ్నీ, కాన్సరు అంటే ఇల్లమ్ముకోవాల్సిన పని తగ్గింది. అది నిజం. కానీ మూడు రోజుల జ్వరానికి, బీపీ మాత్రకు, ఆసుపత్రికి పోయి వచ్చే బాడుగకు ఆ పథకాల కార్డు పనికి రాదు. వాటికి మొదటి మెట్టు గట్టిగా ఉండాలి. 104 సంచార బండి, 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ ఏర్పాటు, ఇవన్నీ ఆ మెట్టును గట్టి చేయడానికే వచ్చాయి. డాక్టరు నెలలో ఏ రోజు వస్తాడో కాలనీకి తెలియకపోతే, వచ్చిన రోజు మందులు లేకపోతే, ఆ జనం సాయంత్రం 108 వైపే చూస్తారు.

ఇంత దూరం పోయి చెబుతున్నామని అనుకోకండి గానీ, ఇది మన ఒక్కరి కష్టమే కాదు. ఇంగ్లండు లాంటి దేశంలో కూడా ఇదే కథ నడుస్తోంది. అక్కడ ప్రాణాపాయానికి 999 అనే నంబరు. అత్యవసరం కాని వాటికి 2013 నుంచి దేశమంతటా 111 అనే వేరే నంబరు పెట్టారు. ఫోన్లోనే సలహా చెప్పి, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆసుపత్రికి పోయి రాలేని ముసలివాళ్లకు, డయాలసిస్ రోగులకు వేరే బండ్లు ఉన్నాయి. అంత ఏర్పాటు ఉన్నా, ఊరి డాక్టరు దొరకనప్పుడు, ఆసుపత్రిలో మంచాలు ఖాళీ లేనప్పుడు, చలికాలంలో అంబులెన్సులు రోగులతో సహా ఆసుపత్రి బయట వరుస కట్టి గంటలకొద్దీ నిలబడతాయి. నంబర్లు వేరు చేస్తే సరిపోదు, ఆ నంబరు వెనక మనుషులు, మంచాలు ఉండాలని అక్కడి అనుభవం చెబుతోంది.

ఆ ఇద్దరి రోజు

ఆ రాత్రి తర్వాత నెల రోజులకు మేము ఆ ఈఎంటీ అమ్మాయిని వెతుక్కుంటూ పోయి కలిశాం. క్షమించమని అడగడానికి పోయాం. ఆమె నవ్వి టీ తెప్పించింది. ఆ టీ తాగేలోపే ఆమెకు కాల్ వచ్చింది. మళ్లీ ఇంకో రోజు పోయి మాట్లాడాం.

వాళ్ల షిఫ్టు 12 గంటలు. ఎనిమిది గంటల చొప్పున మూడు షిఫ్టులు చేయాలని 108 ఉద్యోగులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఒక కేసుకు పట్టే సమయాన్ని ఆమె మాకు వేళ్ల మీద లెక్కపెట్టి చూపింది. మన ఇంటికి రావడానికి 20 నిమిషాలు. రోగిని చూసి ఎక్కించడానికి 20. ఆసుపత్రికి 45. అక్కడ స్ట్రెచర్ ఖాళీ అయ్యి, రోగిని అప్పజెప్పి, కాగితం రాయడానికి 30. తిరిగి తమ చోటికి రావడానికి 45. మొత్తం 160 నిమిషాలు. ఇలాంటివి నాలుగు పడితే 10 గంటల 40 నిమిషాలు అయిపోతాయి. ఆ మిగిలిన సమయంలోనే బండి కడగాలి, రక్తం తుడవాలి, ఆక్సిజన్ నింపుకోవాలి, అన్నం తినాలి. సత్యవేడు నుంచి తిరుపతికి పోవాల్సిన కేసైతే ఒక్క వైపే 70 కిలోమీటర్లకు పైన. అప్పుడు ఆ మండలం సగం పూట బండి లేకుండా ఉంటుంది.

మన ప్రాంతంలో ఇంకో భారం ఉంది. తిరుమలకు వచ్చే యాత్రికుల బండ్లతో మన రోడ్లు రాత్రీ పగలూ నిండుగా ఉంటాయి. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో పెళ్లివాళ్ల బస్సు లోయలో పడింది. రాత్రిపూట, చీకట్లో. అలాంటి ఒక్క ప్రమాదానికి ఒకేసారి ఎన్ని బండ్లు కావాలో ఆలోచించండి. ఆ సమయంలో ఒక బండి అత్యవసరం కాని పనిలో ఇరుక్కుని ఉంటే ఎలా?

మరి అబద్ధం చెప్పి పిలిచినవాళ్ల మీద కోపం రాదా అని అడిగాం. ఎక్కువ కోపం వచ్చేది తాగి ఆటగా ఫోన్ చేసేవాళ్ల మీద అంది. జ్వరానికి పిలిచేవాళ్ల ఇల్లు చూస్తే ఎందుకు పిలిచారో తెలిసిపోతుందని చెప్పింది. కానీ అబద్ధం వల్ల ఇంకో నష్టం ఉందట. ఊపిరాడటం లేదని పది మంది అబద్ధం చెబితే, పదకొండో మనిషి నిజం చెప్పినప్పుడు మనసులో ఎక్కడో ఒక అనుమానం వస్తుందట. ఆ అనుమానం రాకూడదని తనతో తానే ప్రతిసారీ పోరాడుతుందట. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. "ఎస్టీ కాలనీ" అని చెబితే బండికి దారి దొరకదు. ప్రతి ఊరికీ ఒక ఎస్టీ కాలనీ ఉంది. డోర్ నంబర్లు లేవు, వీధి దీపాలు లేవు. కాలనీ వెతకడానికే పది నిమిషాలు పోతాయి.

మనం చేయాల్సింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక మీ పని చెబుతాం.

మొదటిది, ఎప్పుడు పిలవాలో తెలుసుకోండి. గుండె నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం, మూర్ఛ, మూతి వంకర పోవడం, చేయి కాలు పడిపోవడం, పురిటి నొప్పులు, ప్రమాదం, ఆగని రక్తం, కాలిన గాయాలు, పురుగుల మందు తాగడం, పాము కాటు. వీటికి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 108. ఈ ప్రసంగం విని ఎవరూ వీటికి ఫోన్ చేయడానికి వెనకాడకూడదు. పసిబిడ్డకు, గర్భిణికి, ముసలివాళ్లకు జ్వరంతో పాటు మత్తుగా ఉన్నా, ఏమీ మింగలేకపోతున్నా అదీ అత్యవసరమే. కాన్పు అయ్యాక తల్లీబిడ్డలను ఇంటికి దింపడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. దానికి 108ను పిలవనక్కర్లేదు. సలహాకు, ఫిర్యాదుకు 104 ఉంది. ఏ నంబరుకు చేసినా నిజమే చెప్పండి. జ్వరమైతే జ్వరమనే చెప్పండి.

రెండోది, బండి వచ్చేలోపు ఏం చేయాలో నేర్చుకోండి. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. కరిచిన కాలో చేయో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. మన యానాది, ఇరుల పెద్దలకు పాముల గురించి తెలిసినంత చాలామంది చదువుకున్నవాళ్లకు తెలియదు. కానీ విషానికి విరుగుడు ఆసుపత్రిలోనే ఉంది. ఆ విరుగుడు మందు తయారీకి కావాల్సిన విషాన్ని చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరులల సహకార సంఘమే తీసి ఇస్తోంది. అంటే ఆ సూదిలో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. దాన్ని నమ్మండి.

మూడోది, మీ కాలనీకి ఒక కాగితం తయారు చేయండి. కాలనీ పేరు, ఏ ఊరి దగ్గర, ఏ గుడి లేదా బడి పక్క నుంచి తిరగాలి, వానాకాలం ఏ దారి మూసుకుంటుంది, ఎవరు రోడ్డు మీదికి వచ్చి టార్చి పట్టుకుని నిలబడతారు. ఇదంతా రాసి ప్రతి ఇంట్లో అతికించండి. ఫోన్లో లొకేషన్ పెట్టుకోండి. రాత్రిపూట మామూలు జబ్బుకు తక్కువ బాడుగకు వచ్చే ఆటో అన్నతో ముందే మాట్లాడుకుని, ఇంటికింత అని ఒక చిన్న చీటీ డబ్బు పక్కన పెట్టుకోండి. మా కాలనీలో ఇప్పుడు అదే చేస్తున్నాం.

నాలుగోది, అడగండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. మన జాగ్రత్తతో కొన్ని కాల్స్ తగ్గుతాయి గానీ, మూసి ఉన్న ఉపకేంద్రం తలుపు మన జాగ్రత్తతో తెరుచుకోదు. గ్రామసభలో నిలబడి అడగండి. మా ఉపకేంద్రంలో ఏఎన్ఎం పోస్టు నిండిందా? డాక్టరు ఏ తేదీల్లో వస్తాడు? గత ఏడాది మా మండలం 108 ఎన్ని రోజులు రిపేర్లో ఉంది? నోటితో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. 10 ఏళ్ల గడువు తీరుతుంటే 2023లో మరో 10 ఏళ్లు పొడిగించారు. మన జనాభాకు తగిన డబ్బు మనకే ఖర్చు పెట్టాలన్నది ఆ చట్టం. ఆ డబ్బులో మన కాలనీ ఆరోగ్యానికి ఎంత వచ్చిందని అడిగే హక్కు మీకుంది. బిల్లులు సకాలంలో ఇవ్వాలని, షిఫ్టు తగ్గించాలని 108 సిబ్బంది అడిగినప్పుడు వాళ్ల పక్కన నిలబడండి. వాళ్లు అలసిపోతే నష్టపోయేది మనమే.

ఐదోది, మీరే ఆ బండి ఎక్కండి. రోగిగా కాదు. నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లను ఈఎంటీలుగా తీసుకుని శిక్షణ ఇస్తారు. డ్రైవింగ్ వచ్చినవాళ్లు పైలట్లు కావచ్చు. ఏ వాగు ఎప్పుడు పారుతుందో తెలిసిన మనిషి, తండాలో అవ్వతో ఆమె భాషలో మాట్లాడగలిగిన మనిషి ఆ బండిలో ఉంటే ఎంత తేడా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

ముగించే ముందు ఒక మాట. మా అవ్వ కోలుకుంది. పాము కరిచిన పిల్లవాడి సంగతి ఆమెకు చాలా రోజులు చెప్పలేదు. ఒక రోజు ఎవరో నోరు జారారు. అవ్వ ఆ పిల్లవాణ్ని చూడాలని పట్టుబట్టి, ఆ కాలనీకి నడిచి పోయింది. వాడి తల మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే కూర్చుంది. వాడికి ఆమె ఎవరో, ఎందుకు వచ్చిందో తెలియదు. ఇద్దరికీ ఆ రాత్రి వైద్యం కావాలి. ఇద్దరికీ అందాలి. ఒకరిది ఇంకొకరు లాక్కునే పరిస్థితి మన కాలనీల్లో రాకూడదు. దాని కోసమే ఈ మాటలన్నీ.

 జై ఆదివాసీ!